హవల్దార్ ముందు రెండు క్యాలెండర్లు

పందొమ్మిదేళ్ల సర్వీస్ నిండిన ఒక హవల్దార్ ఓ మధ్యాహ్నం మా యూనిట్ ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి, "అన్నా, నా నంబర్ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. నంబర్ అంటే నాయబ్ సుబేదార్‌గా ప్రమోషన్ వంతు. అప్పట్లో నేను ఆర్మీలో క్లర్క్‌ని. కుర్రాళ్ల కాగితాలన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. సీనియారిటీ రోస్టర్ తీసి చూస్తే అతని పైన నలుగురున్నారు. ఆ మాట చెప్పి పంపించేస్తే అయిపోయేది. ఎందుకో షీట్ రోల్, అంటే అతని సర్వీస్ రికార్డు, కూడా తిరగేశాను. మూడేళ్ల కిందట అతను చేసొచ్చిన కోర్సు అందులో ఎక్కడా లేదు. సర్టిఫికెట్ అతని ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. కానీ దాన్ని రికార్డుకెక్కించే పార్ట్-2 ఆర్డర్ వెలువడలేదు. అంటే రికార్డ్స్ ఆఫీసు లెక్కలో అతను ఆ కోర్సుకే వెళ్లలేదు.

హవల్దార్ దశకు వచ్చిన చాలామంది పరిస్థితి ఇదే. సిపాయి నుంచి నాయక్ దాకా బండి దానంతటదే నడిచినట్టు అనిపిస్తుంది. హవల్దార్ పట్టీ పడ్డాక దారి ఒక్కసారిగా ఇరుకవుతుంది. అయినా మనవాళ్లు అడిగేది "నంబర్ ఎప్పుడు" అనే. నంబర్ అనేది ఒక క్యాలెండర్. దాని పక్కన నిశ్శబ్దంగా ఇంకో క్యాలెండర్ తిరుగుతూ ఉంటుంది, అది సర్వీస్ పరిమితి, అంటే ఆ ర్యాంకులో ఉన్నవాడు పెన్షన్ వెళ్లక తప్పని గడువు. మొదటిది ఎప్పుడు ముందుకు జరుగుతుందో మన చేతిలో లేదు. రెండోది ఒక్కరోజు కూడా ఆగదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోకుండా వేసుకున్న ప్లాన్ ఏదైనా ఆశే అవుతుంది.

ముందు ఆగని క్యాలెండర్ సంగతి. రెగ్యులర్‌గా భర్తీ అయినవాళ్లకు హవల్దార్‌గా సర్వీస్ పరిమితి 24 ఏళ్లు, నాయబ్ సుబేదార్‌గా 26, సుబేదార్‌గా 28, సుబేదార్ మేజర్‌గా 32. స్క్రీనింగ్‌లో నెగ్గితే పైన రెండేళ్ల ఎక్స్‌టెన్షన్. వయసు పరిమితి హవల్దార్‌కు 49, నాయబ్ సుబేదార్‌కూ సుబేదార్‌కూ 52, సుబేదార్ మేజర్‌కు 54. సర్వీసు, వయసుల్లో ఏది ముందొస్తే అది. మనవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ అవగానే రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్లినవాళ్లే కాబట్టి వయసు అడ్డు సాధారణంగా తగలదు, సర్వీసే ముందు నిండుతుంది. 19 ఏళ్లకు చేరినవాడు హవల్దార్‌గానే మిగిలితే 43కి, ఎక్స్‌టెన్షన్ దొరికితే 45కి ఇంటికొస్తాడు. నాయబ్ సుబేదార్ అయితే ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 47, సుబేదార్ అయితే 49, సుబేదార్ మేజర్ అయితే గరిష్ఠంగా 53.

పిల్లల చదువులు గుర్తున్నవాళ్లకు ఈ అంకెల బరువు వెంటనే అర్థమవుతుంది. 45 దగ్గర ఆగిన తండ్రి కొడుకు ఇంటర్‌లో ఉండొచ్చు. 49 దగ్గర ఆగిన తండ్రి కొడుకు ఇంజనీరింగ్ పూర్తి చేసి ఉండొచ్చు.

ఇక్కడ వెనక నుంచి లెక్క కట్టడం నేర్చుకోవాలి. నాయబ్ సుబేదార్ తర్వాత సుబేదార్ కావాలంటే మళ్లీ వెకెన్సీ, మళ్లీ క్యూ. 20, 21 ఏళ్ల సర్వీసుకు భుజం మీద స్టార్ పడినవాడికి, అంటే నాయబ్ సుబేదార్ అయినవాడికి, సుబేదార్ మేజర్ మీద ఆశ పెట్టుకునే హక్కు ఉంటుంది. 25వ ఏట పడినవాడికి సుబేదార్ అయితే చాలనుకోవడం వాస్తవం. హవల్దార్ అయిన మొదటి ఏడాదే ఒక కాగితం మీద తన భర్తీ తేదీ, 24, 26, 28 ఏళ్లు నిండే తేదీలు రాసుకుని, వాటి పక్కన తన పైనున్నవాళ్లు పెన్షన్ వెళ్లే తేదీలు రాసుకున్నవాణ్ని నా సర్వీసులో ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను. పావుగంట పని అది.

పైవాళ్ల తేదీలు ఎందుకంటే వెకెన్సీ పుట్టేది అక్కడే. పదాతిదళ బెటాలియన్‌లో సుబేదార్ మేజర్ ఒక్కరే ఉంటారు. ఆయన పెన్షన్ వెళితే ఒక సుబేదార్ పైకి జరుగుతాడు, ఆ ఖాళీలోకి ఒక నాయబ్ సుబేదార్, ఆయన ఖాళీలోకి ఒక హవల్దార్. ఒక్క మనిషి వెళితే కింద ముగ్గురి ఇళ్లలో స్వీట్లు పంచుతారు. అదే మనిషికి రెండేళ్ల ఎక్స్‌టెన్షన్ వస్తే ఆ గొలుసంతా రెండేళ్లు కదలదు. ఆయన మీద కోపం తెచ్చుకోవడంలో అర్థం లేదు, రేపు మనమూ అదే ఎక్స్‌టెన్షన్ కోరుకుంటాం. ఆ అవకాశాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి, అంతే.

ఇంకో చిక్కు ఉంది, ఊళ్లో అసూయలు పుట్టేది దీని వల్లే. ఒకే ఊరి నుంచి ఒకే ఏడాది చేరిన ఇద్దరిలో ఒకడు నాయబ్ సుబేదార్ అయి, ఇంకొకడు హవల్దార్‌గానే ఉంటే "వాడికి తెలివి తక్కువ" అంటారు. పదాతిదళంలో ఈ ప్రమోషన్ల క్యూ ప్రధానంగా బెటాలియన్‌లోపలే నడుస్తుంది. తన కన్నా నాలుగైదేళ్ల ముందు పెద్ద బ్యాచ్ చేరిన బెటాలియన్‌లో ఉన్నవాడు ఎంత మంచి జవానైనా వేచి చూడాల్సిందే. సిగ్నల్స్, ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే కోర్) లాంటి కోర్‌లలో క్యూ ట్రేడ్‌వారీగా కోర్ అంతటికీ ఒకటే ఉంటుంది. సిగ్నల్స్‌వాళ్లకు జబల్‌పూర్ రికార్డ్స్‌లో, ఈఎంఈవాళ్లకు సికింద్రాబాద్ రికార్డ్స్‌లో. అక్కడ యూనిట్‌లో ఎవరు పెన్షన్ వెళ్లారన్నది మనకు పెద్దగా పనికిరాదు, ట్రేడ్‌లో మొత్తం ఎంతమంది వెళుతున్నారన్నది చూడాలి. కాబట్టి బావమరిది కథ విని మన ప్లాన్ వేసుకోకూడదు. మన క్యూ ఎక్కడ ఉందో ముందు తెలుసుకోవాలి.

నంబర్ వచ్చినా సరే, డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ, అదే డీపీసీ, కూర్చున్న రోజున మన కాగితాలు సిద్ధంగా లేకపోతే పక్కవాడు దాటిపోతాడు. కమిటీ చూసేవి ప్రమోషన్ కేడర్ (పై ర్యాంకుకు అర్హత తేల్చే కోర్సు) పాసయ్యాడా, ఆర్మీ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్, మ్యాప్ రీడింగ్ ఉన్నాయా, మెడికల్ కేటగిరీ ఏమిటి, క్రమశిక్షణ రికార్డు ఎలా ఉంది, ఏసీఆర్‌లు, అంటే పై అధికారులు ఏటా రాసే రిపోర్టులు, ఏం చెబుతున్నాయి అని. వీటిలో కొన్ని ఒక్క నెల కష్టంతో వస్తాయి. కొన్ని ఐదేళ్లు ముందు నుంచి కట్టుకుంటూ రావాలి. ఈ తేడా తెలియక చాలామంది నెల కష్టం మీదే ఐదేళ్లూ బెంగపడుతూ, ఐదేళ్ల పనిని చివరి నెలకు వదిలేస్తారు.

కేడర్ సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. మ్యాప్ రీడింగ్, లెక్కల్లో తెలుగు కుర్రాళ్లు వెనకబడటం నేను చూడలేదు. తడబడేది పది మంది ముందు నిలబడి హిందీలో క్లాస్ తీసుకోవాల్సి వచ్చినప్పుడు. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్ అన్నంతవరకు గొంతు ఖంగుమంటుంది. "ఈ ఆయుధాన్ని విప్పే పద్ధతి వివరించు" అనగానే మాట మెత్తబడుతుంది. దీనికి మందు ఒక్కటే. కేడర్‌కు రెండేళ్ల ముందు నుంచే ప్లాటూన్‌లో క్లాసులు అడిగి మరీ తీసుకోవాలి. 2022 తర్వాత అగ్నివీరులు వస్తున్నారు కాబట్టి నేర్పించే పనికి ఇప్పుడు కొదవ లేదు. నాలుగేళ్ల కోసం వచ్చిన పిల్లలు, అందులో 25 శాతం వరకే రెగ్యులర్‌గా నిలుస్తారు. వాళ్లను తీర్చిదిద్దే భారం రోజూ పడేది హవల్దార్ మీదే. ఆ పని కంపెనీ కమాండర్ కంట పడకుండా ఉండదు.

కంట పడటం అన్నాను కదా, ఏసీఆర్ అంటే అదే. హవల్దార్ అయ్యాక ఏటా రిపోర్ట్ రాస్తారు. మామూలుగా కంపెనీ కమాండర్ మొదలుపెడతారు, కమాండింగ్ ఆఫీసర్ చూస్తారు. గ్రేడింగ్ యావరేజ్, హై యావరేజ్, అబవ్ యావరేజ్ అంటూ పైకి వెళుతుంది. డీపీసీ ముందుకొచ్చేది చివరి కొన్నేళ్ల రిపోర్టులే. అంటే సిపాయిగా చేసిన సాహసాలు అక్కడ మాట్లాడవు, నిన్న మొన్నటి ఏళ్లే మాట్లాడతాయి. పైగా అందులో కొన్నైనా రెజిమెంటల్ డ్యూటీలోనో (అంటే సొంత యూనిట్‌లో) ఇన్‌స్ట్రక్టర్‌గానో సంపాదించినవై ఉండాలి.

సరిగ్గా ఇక్కడే పోస్టింగ్ ఉచ్చు ఉంది. బెటాలియన్ బయట చేసే ఉద్యోగాన్ని ఈఆర్ఈ అంటారు. ఎన్‌సీసీ బెటాలియన్లు, ట్రైనింగ్ సెంటర్లు, హెడ్‌క్వార్టర్స్ ఇవన్నీ. హవల్దార్ అయ్యాక ఇంటి నుంచి ఒత్తిడి మొదలవుతుంది. ఇన్నేళ్లు దూరంగా ఉన్నారు, దగ్గరలో ఏదైనా పోస్టింగ్ చూసుకోండి అని. అడగడం న్యాయమే. కానీ తన నంబర్‌కు ముందున్న మూడు నాలుగేళ్లూ ఊరి దగ్గరే ఎక్కడో స్టోర్ లెక్కలు చూస్తూ గడిపితే, అక్కడి అధికారికి అతను ఎవరో సరిగా తెలియకముందే రిపోర్ట్ రాసే తేదీ వచ్చేస్తుంది. మంచి మనిషి, నమ్మకస్తుడు అని రాస్తారు. మంచి మనిషి అన్న మాటకు డీపీసీలో మార్కులు లేవు. ఇంటి దగ్గరి పోస్టింగ్ హవల్దార్ మొదటి రెండేళ్లలోనైనా తీసుకోవాలి, లేదంటే స్టార్ పడ్డాక తీసుకోవాలి. మధ్యలో వద్దు. ఇది నా సొంత అభిప్రాయం, ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది చెప్పే ధైర్యం నాకు లేదు.

దానికి భిన్నంగా ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్ ఉంది. ఆఫీసర్లను తయారుచేసే డెహ్రాడూన్ ఐఎంఏలోనో చెన్నై ఓటీఏలోనో డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్, పుణె ఫిజికల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్, బెళగావి జూనియర్ లీడర్స్ వింగ్, వైరెంగ్టె జంగిల్ వార్‌ఫేర్ స్కూల్, గుల్‌మార్గ్ హై ఆల్టిట్యూడ్ స్కూల్. ఇలాంటి చోటుకు వెళ్లాలంటే ముందు కోర్సులో ఇన్‌స్ట్రక్టర్ గ్రేడింగ్ తెచ్చుకోవాలి. కోర్సుకు వెళ్లడం ఒక ఎత్తు, గ్రేడింగ్ ఇంకో ఎత్తు. మామూలు గ్రేడింగ్‌తో తిరిగొచ్చినవాడి కోర్సు కాగితం మీద ఒక వరుస, అంతే. మంచి గ్రేడింగ్‌తో వచ్చినవాడికి తర్వాతి నాలుగేళ్ల పోస్టింగ్ దారి తెరుచుకుంటుంది. అందుకే వరుసగా మూడు కోర్సులు పేరుకు చేయడం కన్నా ఒక్కదానికి ఆరు నెలల ముందు నుంచి ఒళ్లు వంచి సిద్ధమవడం లాభం.

మెడికల్ గురించి ఎవరూ మాట్లాడరు, ముప్పయ్యెనిమిది దాటాక చాలామందిని దెబ్బతీసేది మాత్రం అదే. షేప్-1 అంటే మానసిక స్థితి, వినికిడి, కాళ్లు చేతులు, శారీరక సామర్థ్యం, కంటిచూపు అన్నీ మొదటి శ్రేణిలో ఉండటం. బీపీ, షుగర్, బరువు వల్ల కింది మెడికల్ కేటగిరీలోకి జారితే ప్రమోషన్ దగ్గరా, ఎక్స్‌టెన్షన్ స్క్రీనింగ్ దగ్గరా రెండుసార్లు సమాధానం చెప్పుకోవాలి. 2.4 కిలోమీటర్ల పరుగు నెల రోజుల సాధనతో మెరుగవుతుంది. బీపీ అలా దిగదు.

రెడ్ ఇంక్ ఎంట్రీ గురించి ఒక్క మాట. సెలవు దాటి నాలుగు రోజులు ఆలస్యంగా రావడం పెద్ద నేరంగా అనిపించదు. అది ఎర్ర సిరాతో రికార్డుకెక్కితే మాత్రం మనకన్నా ఎక్కువ కాలం గుర్తుంచుకుంటుంది. రైలు తప్పిపోతే ఆ రోజే యూనిట్‌కు ఫోన్ చేయండి. ఎంఎల్ఏ సిఫార్సు ఉత్తరం తర్వాత తెచ్చినా పనికిరాదు.

ఇప్పుడు డబ్బు. ఎక్కువ అపోహలున్న చోటు ఇదే కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. ప్రమోషన్ రాకపోయినా ఎంఏసీపీ పథకం కింద 8, 16, 24 ఏళ్ల సర్వీసుకు జీతంలో పై మెట్టు దొరుకుతుంది. సిపాయిగా చేరినవాడికి వరుసగా నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్ మెట్లు. ర్యాంక్ మారదు, మెస్‌లో కుర్చీ మారదు, జీతం మారుతుంది. దీన్ని చూసే కొందరు "ఎలాగూ 24కి నాయబ్ సుబేదార్ జీతం వస్తుంది, ఈ కేడర్ కష్టమంతా ఎందుకు" అంటారు.

లెక్క వేసి చూద్దాం. 7వ వేతన సంఘం పట్టికలో హవల్దార్ లెవెల్ 5, ఆరంభం 29,200. నాయబ్ సుబేదార్ లెవెల్ 6, ఆరంభం 35,400. సుబేదార్ లెవెల్ 7, ఆరంభం 44,900. హవల్దార్‌గా 39,200 మూల వేతనం దగ్గరున్న మనిషికి ఈరోజు ప్రమోషన్ వచ్చిందనుకోండి. అదే లెవెల్‌లో ఒక ఇంక్రిమెంట్ కలిపితే 40,400. లెవెల్ 6లో దానికి సమానమైన, లేదా దానిపైనున్న అంకె 41,100. పెరిగింది 1,900. మిలిటరీ సర్వీస్ పే 5,200 సిపాయి నుంచి సుబేదార్ మేజర్ దాకా ఒకటే, అది మారదు. పెన్షన్ ఈ రెండింటి మొత్తంలో సగం. ఆ రోజే పెన్షన్ వెళ్లిపోతే హవల్దార్‌గా 22,200, నాయబ్ సుబేదార్‌గా 23,150. కరువు భత్యం వేరు. తేడా నెలకు 950 రూపాయలు.

ఇంతేనా అనిపిస్తుంది. ఇక్కడే అసలు విషయం ఉంది. స్టార్ విలువ ఆ 1,900లో లేదు, అది కొనిపెట్టే ఏళ్లలో ఉంది. హవల్దార్ గరిష్ఠంగా 26 దగ్గర ఆగితే నాయబ్ సుబేదార్ 28 దాకా వెళతాడు. ఆ రెండేళ్లూ పెన్షన్ బదులు పూర్తి జీతం, ఏటా ఇంక్రిమెంట్, సుబేదార్ అయ్యే అవకాశం. సుబేదార్ అయితే సర్వీసు 30 దాకా. ఆపైన వన్ ర్యాంక్ వన్ పెన్షన్ కింద ఐదేళ్లకోసారి పెన్షన్ సవరించినప్పుడు చూసేవి ర్యాంకూ, సర్వీసు కాలమూ. 43 ఏళ్ల వయసులో తీసుకున్న నిర్ణయం 75వ ఏట కూడా బ్యాంకు ఖాతాలో కనిపిస్తూనే ఉంటుంది.

ఎంఏసీపీ దగ్గర రెండు మడతలున్నాయి. మొదటిది, 24కి నాయబ్ సుబేదార్ మెట్టు తీసుకున్నాక 25వ ఏట నిజంగానే నాయబ్ సుబేదార్ అయితే జీతం మళ్లీ కొత్తగా పెంచరు, ఆ మెట్టు ముందే ఎక్కేశాడు కాబట్టి. అప్పుడు కూడా ప్రమోషన్ తీసుకోవాల్సిందే, కారణం పైన చెప్పిన ఏళ్లే. రెండోది ఇంకా ముఖ్యం. కేడర్‌కు వెళ్లను, ప్రమోషన్ వద్దు అని రాసిచ్చినవాడు ఎంఏసీపీ దగ్గర కూడా ఇబ్బంది పడతాడు. అవకాశం లేక ఆగిపోయినవాడి కోసం పెట్టిన పథకం అది, వద్దన్నవాడి కోసం పెట్టింది కాదు. ఆవేశంలో అన్‌విల్లింగ్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాళ్లు తర్వాత నా కిటికీ దగ్గర నిలబడి "అన్నా, ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చా" అని అడిగేవారు. సంతకం పెట్టే ముందు ఇంట్లో ఒకసారి మాట్లాడమని చెప్పేవాణ్ని. మాట్లాడినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు.

ఆఫీసర్ అయ్యే దారి హవల్దార్‌కు ఉందా అంటే ఉంది, సన్నగా. ఆర్మీ క్యాడెట్ కాలేజ్ వయోపరిమితి 27, కాబట్టి హవల్దార్ అయ్యేసరికి చాలామందికి ఆ తలుపు మూసుకుపోతుంది. 28 నుంచి 35 మధ్యవాళ్లకు స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ దారి ఉంది. దేనికైనా ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్ల ఎంపిక బోర్డు, పెట్టే ఐదు రోజుల పరీక్షలు దాటాలి. ఇంగ్లిష్‌లో గ్రూప్ డిస్కషన్‌కు భయపడేవాడు రెండేళ్ల ముందు నుంచే సాధన మొదలుపెడితే అసాధ్యమేం కాదు. కాకపోతే దీన్నే ఏకైక ప్లాన్‌గా పెట్టుకుని కేడర్‌ను నిర్లక్ష్యం చేసినవాళ్లు రెండింటికీ చెడ్డారు.

అన్యాయం జరిగిందనిపిస్తే? ఏసీఆర్ మీద, సూపర్‌సెషన్ (మనల్ని దాటించి జూనియర్‌కు ప్రమోషన్ ఇవ్వడం) మీద ఆర్మీ యాక్ట్ 26వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసుకునే హక్కు జవానుకుంది. అదీ కుదరకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మనవైపువాళ్లకు చెన్నై బెంచ్. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. వాదన కన్నా తేదీలు ముఖ్యం. ఏ రోజు ఏ కాగితం ఇచ్చారో, దాని రసీదు ఎక్కడుందో చూపించలేని న్యాయం అక్కడ నిలబడదు.

ఇక ఆఖరి మజిలీ. రెండో కెరీర్ గురించి పెన్షన్ నెలలో ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ ద్వారా సర్వీస్ చివర్లో 24 వారాల దాకా శిక్షణ కోర్సులు దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, బ్యాంకుల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. వయసులో సర్వీసు కాలాన్ని, దాని మీద మూడేళ్లను తీసేసి లెక్కిస్తారు. పదో తరగతి చదివి 15 ఏళ్ల సర్వీస్ చేసినవాణ్ని డిగ్రీ అడిగే గ్రూప్ సి రిజర్వుడ్ పోస్టులకు అర్హుడిగా తీసుకునే వెసులుబాటు కూడా ఉంది. అయినా సర్వీస్‌లో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయమంటాను. పరీక్ష హాల్లో పక్కన కూర్చునేది ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాడు రిజర్వేషన్ మీద ఆధారపడి రాలేదు. ఒకవేళ ప్రమోషన్ క్యూ కదలదని సర్వీసు 20వ ఏటే తేలిపోతే, ఎక్స్‌టెన్షన్ కోసం ఎదురుచూడకుండా 24కే బయటికొచ్చి బ్యాంకు పరీక్ష రాయడం కొందరి విషయంలో మెరుగైన ప్లాన్. క్యూలో నిలబడినవాళ్లందరికీ ఒకే సలహా సరిపోదు.

ఆ హవల్దార్ పార్ట్-2 ఆర్డర్ వెలువడటానికి నాలుగు నెలలు పట్టింది. కోర్సు జరిగిన చోటుకు ఉత్తరం, అక్కడి నుంచి జవాబు, మళ్లీ ఒక అబ్జర్వేషన్ (కాగితంలో లోపం ఉందని అభ్యంతరం), మళ్లీ జవాబు. మధ్యలో ఒక డీపీసీ వచ్చి వెళ్లిపోయింది, అతని తర్వాతివాడు ఆ రౌండ్‌లో పైకి వెళ్లాడు. అతనికి స్టార్ పడింది సర్వీసు 22వ ఏట. పార్టీ ఇచ్చిన మర్నాడు తన ప్లాటూన్‌లోని నాయక్‌లు నలుగుర్ని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరకొచ్చాడు. నలుగురి చేతుల్లోనూ సర్టిఫికెట్ల కవర్లు. "వీళ్లవి ఎక్కాయో లేదో ఒకసారి చూడన్నా" అన్నాడు. చూశాను. రెండు ఎక్కలేదు.